తప్పు కట్టిన జాతికి పాపం నేర్పినవాళ్లు

మన గురించి మాట్లాడేటప్పుడు ఊళ్లో పెద్దమనుషులు వాడే మాట ఒకటుంది: "వాళ్లకు కట్టూబాటూ ఏముంది?" ఈ మాట ఎరుకలవాళ్లం విన్నాం. యానాదులు విన్నారు. తండాల్లో సుగాలీలు విన్నారు. మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లిన మన ఆడవాళ్లు చేను గట్టు మీద విన్నారు. ఇప్పుడు మన పిల్లలు హాస్టళ్లలో వింటున్నారు. వినడం కొత్త కాదు. చదువుకున్న మన పిల్లలు ఆ మాటను నమ్మడం మాత్రం కొత్త. నాయనమ్మ మారుమనువు చేసుకుందని ఎవరికీ చెప్పొద్దంటారు. అమ్మమ్మకు ఓలి ఇచ్చారంటే తల దించుకుంటారు. అదే పిల్లవాడు ఉద్యోగం రాగానే కట్నం అడుగుతాడు, దానికి తల దించుకోడు.

ఎరుకల ఇంట్లో పుట్టి, టీచరు ట్రైనింగు చేసి, తుళ్లూరు మండలంలో పిల్లలకు పాఠం చెబుతున్నదాన్ని. ఈ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం నా పనే అనుకుంటున్నాను. వెతికితే అది మన గుడిసెల్లో పుట్టలేదని తెలుస్తుంది. కొంత పుస్తకాల నుంచి వచ్చింది, కొంత చట్టాల నుంచి, కొంత ప్రార్థన మందిరాల నుంచి, కొంత పక్కనున్న పెద్దకులాల ఇళ్ల నుంచి. ఈ దారి మన ఒక్కరిదీ కాదు, ఆఫ్రికా జాతులు కూడా ఇదే దారిన నడిచాయి. అందుకే ఇక్కడివీ అక్కడివీ కొన్ని పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఓలి వేరు, కన్యాశుల్కం వేరు

మొదట మన బళ్లో ఉన్న పుస్తకం సంగతి. గురజాడ అప్పారావు గారి "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. తెలుగులో అంత గొప్ప నాటకం మరొకటి లేదని చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకుని పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలని చూస్తాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే అలాంటి పెళ్లి వల్ల వితంతువై ఇంట్లో ఉంటుంది. ఆ దురాచారం మీద గురజాడ కొట్టిన దెబ్బ సరైన దెబ్బ.

చిక్కు నాటకంలో లేదు, దాన్ని మనం చెప్పే తీరులో ఉంది. ఆడపిల్ల వాళ్లు డబ్బు తీసుకుంటే అది అమ్మకమే అని పాఠం చెప్పేస్తాం. వెనక బెంచీలో కూర్చున్న ఎరుకల పిల్లకు, యానాది పిల్లకు తన తాతలందరూ కూతుళ్లను అమ్ముకున్నవాళ్లుగా కనిపిస్తారు. రెండు డబ్బులకూ తేడా ఏమిటో ఎవరూ చెప్పరు.

తేడా ఇది. అగ్రహారంలో శుల్కం పుచ్చుకుని ఇచ్చిన పిల్లకు మళ్లీ బయటికి దారి లేదు. మొగుడు చస్తే గుండు, తెల్లపంచె, వంటిల్లు. మన ఓలి అలాంటిది కాదు. ఆడదాని చేతిలో పని ఉంది. బుట్ట అల్లుతుంది, సోది చెబుతుంది, పంది మేపుతుంది, కూలికి పోతుంది. ఆ చెయ్యి ఒక గడప నుంచి మరో గడపకు పోతున్నందుకు ఇచ్చేది ఓలి. కాపురం కుదరకపోతే కులపెద్దల ముందు తెంచుకోవచ్చు. కొత్త మగడు పాత మగడికి ఓలి తిరిగి కడతాడు. మొగుడు పోతే మారుమనువు ఉంది. అంటే డబ్బు చేతులు మారింది, కానీ మనిషి బందీ కాలేదు.

కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అందుకోసం ఆయన ఎన్ని తిట్లు తిన్నారో మనం పిల్లలకు చెబుతాం. చెప్పాల్సిందే. మన గూడేల్లో ఆ పెళ్లి ఏ సంస్కర్తా రాకముందే ఉందని కూడా చెప్పాలి. పెద్దకులాల్లో మారుమనువు చేస్తే అది సంస్కరణ అయింది. మనం చేస్తే కట్టుబాటు లేకపోవడం అయింది. ఒకే పనికి రెండు పేర్లు ఎలా వచ్చాయో పిల్లలే అడిగేలా పాఠం చెప్పాలి.

థర్‌స్టన్ పుస్తకంలో మనం

"కన్యాశుల్కం" పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. అదే ఏడాది మద్రాసులో ఇంకో పెద్ద పుస్తకం వచ్చింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, ఆయన సహాయకుడు కె. రంగాచారి కలిసి దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. అందులో యానాదులు ఉన్నారు, లంబాడీలు ఉన్నారు, ఎరుకలవాళ్లను కొరవల కింద చేర్చారు. ఇప్పటికీ మన మీద పరిశోధన చేసేవాళ్లు మొదట తెరిచేది ఆ సంపుటాలే.

ఆ పుస్తకాన్ని మనం చదవాలి, కానీ ఎవరి కళ్లతో రాశారో తెలిసి చదవాలి. కొరవల గురించిన సమాచారంలో చాలా భాగం పోలీసు అధికారుల రాతల నుంచి తీసుకున్నది. మన పెళ్లి గురించి, పురుడు గురించి పోలీసు చెబితే అది ఎలా ఉంటుంది? నేరం, శీలం ఒకే పేజీలో కలిసిపోతాయి. అయినా ఆ రాతల్లోనే, రాసినవాళ్లు గుర్తించని విలువైన సంగతులు మిగిలిపోయాయి. రెండు చెబుతాను.

ఒకటి. ఏడుగురు మగళ్లను చేసుకున్న ఆడమనిషికి ఎరుకలవాళ్లలో గౌరవం ఉందని, కొత్త దంపతులు ఆమె దీవెన కోరుకుంటారని అక్కడ ఉంది. రాసినవాడికి ఇది వింత. మన వైపు నుంచి చూస్తే వింతేమీ లేదు. ఏడు కాపురాలు చూసినదానికి కాపురం గురించి తెలుస్తుంది. పక్క ఊళ్లో వితంతువు ఎదురొస్తే అపశకునం అని ఆగిపోయే రోజుల్లో, మన గుడిసెల్లో అన్నిసార్లు పసుపు రాసుకున్న మనిషిని పిలిచి అక్షింతలు వేయించుకున్నారు. ఎవరి సంస్కారం పెద్దదో చదివేవాళ్లే చెప్పాలి.

రెండు. దుమ్ముగూడెం మిషనరీ రెవరెండ్ జాన్ కెయిన్ 1874లో "ఇండియన్ ఆంటిక్వెరీ" పత్రికలో ఎరుకలవాళ్ల పురిటి ఆచారం ఒకటి రాశాడు. పెళ్లానికి నొప్పులు మొదలవగానే మొగుడు ఆమె బట్ట కట్టుకుని, ఆమెలాగా బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో పడుకుంటాడు. బిడ్డ పుట్టాక కడిగి అతని పక్కన పడుకోబెడతారు, మందులూ మాకులూ అతనికే ఇస్తారు. యూరపు పండితులు దీని మీద పేజీలు నింపారు. దిష్టి తప్పించడానికని కొందరు, తండ్రి ఎవరో పదిమందికీ చాటడానికని కొందరు చెప్పారు. చదివినవాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇందులో ఒక సంగతి కనిపిస్తుంది. ఆడదాని బట్ట కట్టుకుంటే మగతనం పోతుందన్న భయం మా తాతలకు లేదు. బిడ్డ కనడం ఆడదాని ఒక్కదాని బాధ అని వదిలేయలేదు. అయితే మందూ మాకూ తల్లికి కదా అందాల్సింది, ఆ మాట కూడా అనాల్సిందే. పొగడడం ఎంత సులువో, నవ్వడం కూడా అంతే సులువు. అర్థం చేసుకోవడానికి రెండూ పక్కన పెట్టాలి.

చట్టం, చర్చి, హాజరు పట్టీ

పుస్తకంలో రాసినది పుస్తకంలోనే ఉంటే మనకు ఇంత నష్టం జరిగేది కాదు. 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం చేశారు. ఆ చట్టంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన తెగల గురించి. రెండో భాగం హిజ్రాల గురించి. వాళ్ల పేర్లు నమోదు చేయాలని, ఆడబట్టలు కట్టుకుని నలుగురిలో కనిపిస్తే పట్టుకుని శిక్షించాలని అందులో ఉంది. సంచారం చేసే తెగ, ఆడబట్ట కట్టిన మగవాడు ఈ ఇద్దరూ ఒకే చట్టంలో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒక ఇల్లు, ఒక ఊరు, ఒక మొగుడు, ఒక పెళ్లాం అనే గీత లోపల ఇమడని ప్రతివాళ్లూ ఆ పాలకులకు అనుమానితులే.

1911 నాటి కొత్త చట్టంతో ఇది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకలవాళ్ల కోసం సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం ఉంది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. మన తుళ్లూరు నుంచి కృష్ణ ఒడ్డు వెంట తూర్పుకు పోతే సీతానగరం. అక్కడా ఒక సెటిల్‌మెంటు ఉండేది, మనవాళ్లు రాళ్ల క్వారీల్లో పని చేశారు. ఈ రెండింటినీ నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది.

మీనా రాధాకృష్ణ 2001లో ఈ చరిత్ర మీద పుస్తకం రాశారు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్మే కొరవలు, రైళ్లూ ఉప్పు మీద సర్కారు పెత్తనమూ వచ్చాక బతుకు కోల్పోయిన తీరు అందులో ఉంది. ఆ తర్వాతే వాళ్లు దొంగలయ్యారని చట్టం చెప్పింది. సెటిల్‌మెంట్లలో వాళ్లను కూలివాళ్లుగా మార్చిన తీరు కూడా అందులో ఉంది. మన యువత తప్పక చదవాల్సిన పుస్తకం అది.

సెటిల్‌మెంటులో ఏం జరిగిందో ఒక్కమాటలో చెప్పాలంటే, పాస్టరు చెయ్యీ పోలీసు చెయ్యీ ఒకటయ్యాయి. హాజరు పట్టీలో పేరు పిలవాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టడానికి చట్టం వీలిచ్చింది. ప్రార్థన కూడా అక్కడే. మా ఆడవాళ్లు బుట్ట నెత్తిన పెట్టుకుని ఒంటరిగా నాలుగు ఊళ్లు తిరిగి సోది చెప్పి వచ్చేవాళ్లు. పాత తెలుగు యక్షగానాల్లో ఎరుకలసాని వచ్చిందంటే నాయిక మనసులో మాట బయటపెట్టే జ్ఞాని వచ్చినట్టు. ఆమెను తెల్లవాళ్ల నీతి అలా చూడలేదు. ఒంటరిగా తిరిగే ఆడది కాబట్టి అనుమానించింది.

ఇక్కడ మన భాషలోని ఒక మాట మీద దృష్టి పెడదాం. కులపంచాయితీలో "తప్పు" అంటే చేసిన నేరమూ అదే, దానికి కట్టే జరిమానా కూడా అదే. తప్పు చేశాడు అంటాం, తప్పు కట్టాడు అంటాం. కట్టాక పదిమందీ కలిసి తాగి, తిని, అతన్ని పంక్తిలో కూర్చోబెట్టుకుంటారు. అక్కడితో లెక్క తీరిపోతుంది. పాపం అలాంటిది కాదు. అది లోపలికి పోతుంది, ఒంటికి అంటుకుంటుంది. క్షమాపణ ఉందని చర్చి కూడా చెబుతుంది, నిజమే. కానీ క్షమించే చేతిలోనే హాజరు పట్టీ ఉన్నప్పుడు మనిషికి భయమే మిగులుతుంది. తప్పు కట్టి తల ఎత్తుకునే జాతికి, కట్టినా తీరని పాపం నేర్పారు.

న్యాయం కోసం రెండో వైపు కూడా చెప్పాలి. మనలో అక్షరం వచ్చిన మొదటి తరం చాలామంది మిషన్ బళ్లలోనే నేర్చుకున్నారు. గుంటూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టించిన డాక్టర్ అన్నా కుగ్లర్ మిషనరీయే. తాగి కొట్టే మొగుడి నుంచి తప్పించుకుని ప్రార్థనలో ఊపిరి తీసుకునే అక్కలు ఈనాటికీ మన గూడేల్లో ఉన్నారు. వాళ్ల నమ్మకాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. నా విమర్శ దేవుడి మీద కాదు. ఒక దేశపు ఇంటి పద్ధతిని దేవుడి మాటగా చెప్పి, మరో జాతి ఇంటి పద్ధతిని నేరంగా రాయడం మీద.

నేరస్థ తెగల చట్టం మద్రాసులో 1947లో పోయింది. 1952 ఆగస్టు 31న దేశమంతా పోయింది. దాని రద్దు కోసం పోరాడినవాళ్లలో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా సిగ్గు మిగిలింది.

కికుయుల బడి, ముతోని చావు

ఇప్పుడు ఆఫ్రికాకు పోదాం. ఇంగ్లండు చర్చి బిషప్పుల లాంబెత్ మహాసభ 1888లో, ఒకరికంటే ఎక్కువమంది భార్యలున్న మగవాడికి బాప్తిస్మం ఇవ్వకూడదని తీర్మానించింది. చేరాలంటే ఒక్కరిని ఉంచుకుని మిగతావాళ్లను వదిలేయాలి. వదిలేసిన భార్యలూ పిల్లలూ ఏమవుతారు? సరిగ్గా వందేళ్ల తర్వాత, 1988లో, అదే మహాసభ మెత్తబడింది. ఇక మళ్లీ పెళ్లి చేసుకోనని మాట ఇస్తే అతన్ని చేర్చుకోవచ్చని, ఉన్న భార్యలను వదిలేయమని బలవంతం చేయకూడదని, వదిలేస్తే వాళ్లు దిక్కులేనివాళ్లవుతారని ఒప్పుకుంది. నీతి పేరుతో ఆడవాళ్లను రోడ్డున పడేయడం నీతి కాదని తెలుసుకోవడానికి నూరేళ్లు పట్టింది.

కెన్యాలోని కికుయు జాతి కథ ఇంకా దగ్గరిది. వాళ్లలో ఆడపిల్లలకు సున్తీ చేసే ఆచారం ఉండేది. 1929లో స్కాట్లండు మిషనూ మరికొన్ని మిషన్లూ తమ చర్చి సభ్యులనూ టీచర్లనూ ఆ ఆచారం వదిలేస్తామని ప్రమాణం చేయమన్నాయి. వేలమంది బయటికి వచ్చేశారు. మిషన్ బళ్లు ఖాళీ అయ్యాయి. కికుయులు సొంతంగా బళ్లు పెట్టుకున్నారు. టీచర్లమైన మనం ఆ బళ్ల గురించి తెలుసుకోవాలి. దొర బడి వద్దంటే చదువే వద్దనుకోలేదు వాళ్లు, తమ బడి తామే కట్టుకున్నారు.

తర్వాత కెన్యాకు తొలి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా 1938లో "ఫేసింగ్ మౌంట్ కెన్యా" రాశాడు. తన జాతి గురించి తానే రాసిన పుస్తకం అది. వయసొచ్చిన కికుయు యువతీయువకులు కలిసి పడుకునేవాళ్లని, అయినా హద్దు దాటకూడదనే కట్టుబాటు గట్టిగా ఉండేదని, దాటితే పెద్దలు తప్పు వేసేవాళ్లని అందులో వివరించాడు. మిషనరీలకు అది విచ్చలవిడితనంగా కనిపించింది. కెన్యాట్టా దాన్నే శరీరం గురించి పిల్లలకు పెద్దలు నేర్పిన చదువుగా చూపించాడు. ఇంతవరకూ ఆయన మాట మనకు ధైర్యం ఇస్తుంది. కానీ ఆయన ఆడపిల్లల సున్తీని కూడా జాతి ఆచారమని సమర్థించాడు. అది ఆడపిల్ల ఒంటికి కోలుకోలేని హాని చేసే పని. తెల్లవాడు తిట్టాడు కాబట్టి మనది మంచిదై తీరాలి అనుకుంటే ఇక్కడికే చేరతాం.

గూగీ వా థియాంగో 1965లో రాసిన "ది రివర్ బిట్వీన్" నవల ఈ రెండు వైపుల మధ్య నలిగిన అమ్మాయిని చూపిస్తుంది. ముతోని చర్చి పెద్ద కూతురు. ఆమెకు యేసూ కావాలి, జాతిలో పెద్దమనిషి కావడమూ కావాలి. ఇల్లు విడిచి పారిపోయి సున్తీ చేయించుకుంటుంది, పుండు మానక చచ్చిపోతుంది. చర్చివాళ్లు దాన్ని తమ వాదనకు వాడుకుంటారు, జాతివాళ్లు తమ వాదనకు వాడుకుంటారు. ఆ పిల్ల ఏం కోరుకుందో ఎవరూ అడగరు. కెన్యాట్టా పుస్తకం కన్నా గూగీ నవల నాకు ఎక్కువ నచ్చడానికి కారణం ఇదే. నీతి గురించి రెండు పెద్ద గుంపులు కొట్లాడుకుంటున్నప్పుడు ఆ కొట్లాట ఎవరి ఒంటి మీద జరుగుతోందో ఆయన చూశాడు.

నైజీరియాలోని ఇగ్బో జాతి నుంచి వచ్చిన ఇఫీ అమాడియుమే 1987లో తన ఊరు న్నోబి మీద పుస్తకం రాశారు. అక్కడ ఆస్తిపరురాలైన ఆడమనిషి ఇంకో ఆడమనిషికి ఓలి ఇచ్చి ఇంటికి తెచ్చుకునేది. ఆమెకు భర్త హోదా ఉండేది. అది శరీర సంబంధం కోసం కాదు, వంశం కోసం, ఆస్తి కోసం, పని కోసం. మొగుడు అంటే మగవాడే అయి ఉండాలనే గట్టి గీత ఆ జాతిలో లేదు. చర్చీ వలస పాలనా వచ్చి ఆ గీత గీశాయి.

ఇప్పుడు చిత్రం చూడండి. ఉగాండా 2023లో స్వలింగ సంబంధాలకు కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వేసే చట్టం చేసింది. అవి పడమటి దేశాల నుంచి వచ్చిన చెడు అని దాన్ని సమర్థించినవాళ్లు అన్నారు. అయితే వాటిని మొదట నేరంగా రాసిందే పడమటి పాలకులు. మన దేశంలో 1860 శిక్షాస్మృతి 377 సెక్షనుగా రాశారు, అదే నమూనాను తమ ఆఫ్రికా వలసలకూ తీసుకుపోయారు. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడిన వయోజనుల మధ్య అది నేరం కాదని చెప్పింది. విక్టోరియా రాణి కాలపు నీతిని మన సంప్రదాయం అనుకుని కాపలా కాస్తున్నవాళ్లు ఆఫ్రికాలోనే కాదు, మన కులసంఘాల్లోనూ ఉన్నారు.

మెచ్చుకునే కళ్లు

మనల్ని తిట్టినవాళ్ల గురించి చెప్పాను. మెచ్చుకున్నవాళ్ల గురించి కూడా జాగ్రత్త అవసరం. వెరియర్ ఎల్విన్ క్రైస్తవ సేవకుడిగా ఈ దేశం వచ్చి, చర్చిని వదిలి, అడవి జాతుల మధ్య బతికాడు. బస్తరు మురియాల ఘోటుల్ గురించి 1947లో పెద్ద పుస్తకం రాశాడు. పెళ్లికాని పిల్లలు రాత్రిళ్లు కలిసి ఉండే ఆ ఇంటిని ఆయన ప్రేమతోనే రాశాడు. చదివినవాళ్లందరూ ప్రేమతో చదవలేదు. అడవి పిల్ల అంటే అడ్డులేని పిల్ల అనే బొమ్మ బయటివాళ్ల బుర్రలో ఇంకా గట్టిపడింది. ఎల్విన్ 1940లో కోసి అనే గోండు అమ్మాయిని పెళ్లాడాడు, 1949లో విడాకులిచ్చాడు. ఆయన ఆత్మకథలో ఆమెకు దొరికిన చోటు చాలా తక్కువ. ఘోటుల్ అమ్మాయిల గురించి అంత పెద్ద పుస్తకం రాసిన మనిషి దగ్గర కూడా, ఇంట్లో ఉన్న గోండు ఆడమనిషి మాట మనకు వినపడదు.

మనం మైదానం గిరిజనులం, మనకు ఘోటుల్ లేదు. అయినా ఆ బొమ్మ మనకూ అంటింది. దాని ఫలితం మాటలతో ఆగదు. 1972లో మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ అమ్మాయి మీద పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందని కేసు నడిచింది. ఆమెకు ముందే సంబంధం అలవాటని కింది కోర్టు రాసింది. హైకోర్టు పోలీసులకు శిక్ష వేసింది. సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పు మీద బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు, 1983లో చట్టం మారింది. "వాళ్లకు కట్టూబాటూ ఏముంది" అనే మాట ఊరి రచ్చబండ మీద నుంచి కోర్టు కాగితం దాకా పోతే ఏమవుతుందో మధుర కేసు చూపించింది. చేలో, బట్టీలో, చెరువు గట్టు మీద మన పిల్లల మీద చెయ్యి వేసేవాడి ధైర్యం ఆ మాటే. అందుకే దీన్ని మర్యాద గురించిన చిన్న గొడవగా వదిలేయలేం.

మన ఇల్లు కూడా ఊడ్చుకోవాలి

ఇంత చెప్పాక, పాతదంతా బంగారం అని ముగిస్తే కెన్యాట్టా చేసిందే నేనూ చేసినట్టు. ఎరుకలవాళ్లలో మొదటి ఇద్దరు ఆడపిల్లల మీద మేనమామకు హక్కు ఉండేది. ఓలి ఇరవై వరహాలైతే అందులో ఎనిమిది వరహాలు ఆ హక్కు విలువగా లెక్కకట్టారని థర్‌స్టన్ పుస్తకంలోనే ఉంది. మేనమామ తన కొడుక్కి చేసుకుంటే పన్నెండే ఇస్తాడు. వదులుకుంటే ఎనిమిది పుచ్చుకుంటాడు. ఈ లెక్కలో పిల్ల ఇష్టం అనే అంకె లేదు. ఓలి తిరిగి కట్టే స్తోమత లేక చెడ్డ కాపురంలోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఉన్నారు. పంచాయితీలో కూర్చున్న పెద్దలందరూ మగవాళ్లే. ఇవి మన తప్పులు. వీటిని మనమే కట్టుకోవాలి.

చట్టం సంగతి కూడా పిల్లలకు తెలియాలి. 1955 హిందూ వివాహ చట్టం, రెండో సెక్షను ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మన పెళ్లీ విడాకులూ ఆచారం ప్రకారమే. వినడానికి ఇది మనకు గౌరవంగా ఉంటుంది. 2001లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. భర్త సంతాల్, భార్య ఒరావ్. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని భార్య ఫిర్యాదు చేసింది. రెండో పెళ్లిని కాదనే ఆచారం తమకు ఉందని ఆమె రుజువు చేయలేకపోయింది, ఓడిపోయింది. రాసిపెట్టని ఆచారం కోర్టులో మగవాడికి గొడుగవుతుంది, ఆడదానికి ఎండే మిగులుతుంది. అందుకే పెద్దల దగ్గర కూర్చుని మన కట్టుబాట్లు రాసిపెట్టడం చదువుకున్నవాళ్ల పని. రాసేటప్పుడు ముసలమ్మలను కూడా అడగాలి, కులపెద్దలను మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది.

ఇంకో విషయం ఖచ్చితంగా చెప్పాలి. పూర్వం మనలో చిన్నవయసులో పెళ్లిళ్లు జరిగేవి కదా అనే మాట ఇవాళ చెల్లదు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లతో శరీర సంబంధం నేరం, పిల్ల ఒప్పుకున్నా నేరమే. పదిహేడేళ్ల పిల్లా పంతొమ్మిదేళ్ల పిల్లవాడూ లేచిపోతే, పూర్వం పెద్దలు తప్పు వేసి కలిపేవాళ్లు. ఇప్పుడు పిల్లవాడు జైలుకు పోతాడు. ఇది తొమ్మిదో తరగతిలోనే చెప్పకపోతే తర్వాత ఏడ్చి లాభం లేదు. చెప్పేటప్పుడు శరీరం పాపం అని బెదిరించక్కర్లేదు. నీ ఒళ్లు నీది, వద్దు అంటే వద్దు, చదువూ వయసూ వచ్చేదాకా ఆగు అని మామూలు మాటల్లో చెప్పవచ్చు. కికుయు పెద్దలు తమ పిల్లలకు చెప్పగలిగినది మనం నల్లబల్ల ముందు నిలబడి చెప్పలేమా?

తోటి టీచర్లకు రెండు పనులు సూచిస్తాను. "కన్యాశుల్కం" పాఠం చెప్పిన రోజున ఓలి గురించి కూడా ఒక పావుగంట చెప్పండి, రెండింటి మధ్య తేడా బల్ల మీద రాయండి. సిగ్గుపడే పిల్లలు తలెత్తి వింటారు. రెండోది, కట్నం గురించి మన పిల్లలను మనమే నిలదీయాలి. ఓలి మోటు అని, కట్నం నాగరికత అని మనకు నేర్పింది మిషనరీ కాదు, తెల్లదొర కాదు. పక్క వీధిని చూసి మనమే నేర్చుకున్నాం. ఆడపిల్ల చేతికి విలువ కట్టి ఇచ్చే ఇంటి నుంచి, ఆడపిల్ల వస్తే డబ్బు అడిగే ఇంటికి వచ్చాం. దాన్ని ఎదగడం అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

యువతకు నా మాట ఒకటే. నాయనమ్మ రెండో మనువు సంగతి దాచొద్దు. ఎందుకు చేసుకుంది, ఎవరు కుదిర్చారు, తప్పు ఎంత కట్టారు, ఆ రోజు ఏం వండారు అని ఆమెనే అడగండి. ఆమె చెప్పిన దాంట్లో మంచి ఉంటుంది, ఆమె పడ్డ కష్టం కూడా ఉంటుంది. రెండూ రాయండి. మన గురించి ఇంతవరకు పోలీసూ పాస్టరూ దొరా రాశారు. ఆ పేజీలు చాలు.